గరికతో రాసిన పేరు

సామర్లకోటలో తటవర్తి రామలింగం అనే స్టీలు సామాన్ల వర్తకుడు ఉండేవాడు. అతనికి డబ్బు మీద ఆశ లేదు, తిండి మీద యావ లేదు, కానీ తన పేరు ఎక్కడైనా రాసి కనబడితే చాలు, కాళ్ళు అక్కడే పాతుకుపోయేవి.

అతను పిసినారి కాడు. ఆ మాట ముందే చెప్పెయ్యాలి, లేకపోతే నాకు పాపం తగులుతుంది. ఎవరేం అడిగినా ఇచ్చేవాడు. ఇచ్చినదాని మీద పేరు మాత్రం రాయించేవాడు. గుడికి ట్యూబులైట్లు ఇచ్చినప్పుడు వాటి మీద ఎర్ర రంగుతో "దాత: తటవర్తి రామలింగం, స్టీలు మర్చంటు" అని ఎంత నిండుగా రాయించాడంటే, వెలుతురు బయటికి రావడానికి సందు దొరకలేదు. పూజారిగారు లైటు వేసుకుని, ఆ లైటు ఎక్కడుందో దీపం పట్టుకుని వెతుక్కునేవారు. బస్టాండులో సిమెంటు బెంచీ వేయించాడు. వీపు ఆనే చోట పేరు ఉబ్బెత్తు అక్షరాలతో పోయించాడు. కాకినాడ బస్సు కోసం అరగంట దాని మీద కూర్చున్నవాడి వీపు మీద రామలింగం పేరు అచ్చుపడేది. బడి పిల్లలకి గ్లాసులు పంచినప్పుడు పేరు లోతుగా పడాలని పేర్లు చెక్కే మిషను గట్టిగా నొక్కించాడు. అందులో కొన్ని గ్లాసులు పేరు దగ్గరే కారేవి.

అతని భార్య మాణిక్యాంబ ఇదంతా చూసి చూసి, "మనింట్లో మీ పేరు చెక్కనిది ఇంక నేనొక్కదాన్నేనండీ" అనేది. రామలింగం నవ్వేవాడు కాదు. కాసేపు ఆలోచించేవాడు. అప్పుడు ఆవిడకి భయం వేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆ ఊళ్ళోనే కాలవ గట్టు మీద ఎస్తేరు టీచరుగారు ఉండేది. బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ పెరట్లో ఐదు పొట్టి గుర్రాలు ఉండేవి. మన నడుము దాకా వస్తాయి, అంతే. కాకినాడ బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగి తిరిగి ముసలివైపోతే, యజమానులు వాటిని రోడ్డు మీద వదిలేశారు. ఆవిడ ఒక్కొక్కదాన్నే ఇంటికి తోలుకొచ్చింది. పకోడి, రాణి, చుక్క, బుల్లెబ్బాయి అని పేర్లు పెట్టింది. అన్నిటికంటే పొట్టిది, అన్నిటికంటే బిర్రుగా ఉండేది ఐదోది. మేత కాస్త ఆలస్యమైతే చాలు, గోడ వైపు తిరిగి నిలబడి ఎవరు పిలిచినా పలికేది కాదు. మెడ నిమిరి, గెడ్డం పట్టుకుని బతిమాలితేగానీ ముద్ద ముట్టేది కాదు. అందుకని దానికి అల్లుడు అని పేరు పెట్టింది.

ఆ ఏడు దీపావళి ముందు తుఫాను వచ్చింది. టీచరుగారి గడ్డివామి తడిసి కుళ్ళింది. ఉలవల బస్తాలు బూజు పట్టాయి. ఆవిడ తన ఇంటి బియ్యంలోంచి కూడా గుర్రాలకి ఉడకేసి పెట్టింది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, మరి ముసలిదైతే తప్పుతుందా?

ఈ సంగతి భీమశంకరం చెవిన పడింది. అతనికి ఊరి చివర ఇటుకల బట్టీ ఉంది. పొట్టివైతేనేం, ముసలివైతేనేం, ఇటుకల బండి లాగడానికి పనికొస్తాయి, తనకి ఇచ్చెయ్యమన్నాడు. బట్టీలో ఆ గుర్రాలు సంక్రాంతి దాకా కూడా బతకవని టీచరుగారికి తెలుసు. కళ్ళ ముందు ఆకలితో చచ్చిపోతే చూడలేనని కూడా తెలుసు. ఏడుపు దిగమింగుకుని ఒక మాట ఇచ్చింది. కార్తీకమాసం ఆఖరి ఆదివారం సాయంత్రానికి, ఎండాకాలం దాకా సరిపడే మేత సమకూరకపోతే, గుర్రాల్ని తోలుకుపొమ్మంది.

ఆ మర్నాడే ఆవిడ రామలింగం కొట్టుకి వెళ్ళింది. ఇలా ఇలా జరిగిందని చెప్పి, దాణా బస్తాలు నాలుగు ఇప్పించమని అడిగింది. రామలింగం అంతా విన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. కానీ జాలి వెనకాలే అతనికి ఇంకో ఊహ వచ్చింది. గోడల మీద, బెంచీల మీద, గ్లాసుల మీద పేర్లు రాయించుకున్నవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. గుర్రం మీద పేరు రాయించుకున్నవాడు ఒక్కడూ లేడు.

"నాలుగు బస్తాలు ఏం సరిపోతాయండీ? ఊరందరికీ వనభోజనాలు పెడతాను. గుర్రాల పేరు చెప్పి దానం పోగు చేద్దాం" అన్నాడు రామలింగం.

"దాణా ఇప్పిస్తే చాలండీ" అంది టీచరుగారు.

"దానం వస్తే దాణా దానంతటదే వస్తుందండీ. మీరు చూస్తూ ఉండండి" అన్నాడు.

కార్తీకమాసం ఆఖరి ఆదివారానికే ముహూర్తం పెట్టాడు. తన బావమరిది తోటలో ఉసిరిచెట్లున్నాయి, అక్కడే వంటలన్నాడు. వచ్చినదంతా టీచరుగారికి చెక్కు రూపంలో ఇస్తానన్నాడు. ఆ చెక్కు మనిషంత ఎత్తున అట్టతో అప్పుడే చేయించేశాడు. దాని మీద ఎంత అన్నది ఖాళీగా ఉంది. ఎవరిస్తున్నారన్నది మాత్రం నిండుగా ఉంది.

ఫ్లెక్సీ కొట్టువాడికి ఫోను చేసి, అక్షరం అక్షరం చెప్పాడు. చివర "వనభోజనాలకు వచ్చేవారు పొట్టి గుర్రాలకు దానం తీసుకురావలెను" అని వెయ్యమన్నాడు. ఆ కుర్రాడు నమూనా వేసి ఫోనుకి పంపించాడు. రామలింగం చూశాడు. తటవర్తి చిన్నదిగా పడిందన్నాడు. మళ్ళీ పంపితే రామలింగంలో సున్నా సరిగ్గా గుండ్రంగా లేదన్నాడు. మళ్ళీ పంపితే తన ఫోటో గుర్రాల కంటే పెద్దది చెయ్యమన్నాడు. అది కూడా అయ్యాక తృప్తిగా ఓకే అన్నాడు. ఇంత చేసి, అడుగున ఉన్న వాక్యం ఒక్కసారీ చదవలేదు. అందులో అతని పేరు లేదు మరి.

ఫ్లెక్సీలు ఊరంతా కట్టారు. ఆటోకి మైకు కట్టి, ఫ్లెక్సీలో ఉన్నది ఉన్నట్టు చదువుతూ వీధి వీధీ తిప్పారు. అందరూ విన్నారు. రామలింగం కూడా విన్నాడు, తన పేరు వచ్చేదాకా.

ఆదివారం వచ్చింది. తోట కళకళలాడింది. ఒక పక్క పులిహోర, చక్రపొంగలి గుండిగల్లో ఆవిర్లు కక్కుతున్నాయి. ఇంకో పక్క హుండీ అని ఒక పెద్ద స్టీలు డ్రమ్ము పెట్టారు. దాని మీద ఎవరి పేరుందో మీకు చెప్పక్కర్లేదు. అన్నిటికంటే గొప్ప ఏర్పాటు ఇంకోటి ఉంది. వెదురుబద్దల చట్రం కట్టించి, దానికి పచ్చటి లేత గరిక కట్టలు కట్టించి, ఒక్కొక్క అక్షరం పళ్ళెమంత ఉండేటట్టు "తటవర్తి రామలింగం" అని రాయించాడు. గుర్రాలు పొట్టివి కదా, ఫోటోలో వాటి వెనకాల తన పేరు కనబడాలని ఆ చట్రాన్ని నేల మీదే నిలబెట్టించాడు.

గుర్రాల్ని తెల్లారేసరికే తోటకి రప్పించాడు. ఒంటి మీద జరీ అంచు గుడ్డలు కప్పించాడు. ఆ గుడ్డల మీద కూడా పేరే. పొద్దున్నే మేత పెడితే లద్దెలు వేసి గుడ్డలు పాడుచేస్తాయని, ఫోటోలయ్యేదాకా ఏమీ పెట్టొద్దని టీచరుగారికి గట్టిగా చెప్పాడు. ఆవిడకి మనసొప్పలేదు. కానీ ఆ పూట ఆవిడ ఆశంతా అతని మీదే ఉంది. సరేనంది.

రామలింగం పట్టుబట్టల్లో హుండీ పక్కన నిలబడ్డాడు. మొదట ఒక ముసలావిడ వచ్చింది. దణ్ణం పెట్టి, కొంగు చాటు నుంచి సంచీ తీసి, హుండీలో తవుడు గుమ్మరించింది. రామలింగం తెల్లబోయాడు. పెద్ద వయసు, కళ్ళు కనబడవు కాబోలు అనుకుని ఊరుకున్నాడు. వెనకాలే కరణంగారి మనవడు సైకిలు మీద పచ్చగడ్డి మోపు తెచ్చి హుండీకి ఆనించాడు. ఆ తరవాత రైసుమిల్లు వాళ్ళు ఉలవల బస్తాలు దింపారు. బడి పిల్లలు క్యారెట్లు తెచ్చారు. ఒకాయన మోటారుసైకిలు మీద గడ్డి ఎంత కట్టుకొచ్చాడంటే, గడ్డి ఒక్కటే తోలుకొస్తోందనుకుని జనం తప్పుకున్నారు. కాసేపటికి హుండీ నిండి, దాని చుట్టూ బస్తాలు పేరుకుని, డ్రమ్ము మీది పేరు కనబడకుండా పోయింది.

"ఇదేవిటండీ?" అన్నాడు రామలింగం, ఆఖరికి నోరు పెగుల్చుకుని.

"మీరే తెమ్మన్నారు కదండీ" అన్నారు అందరూ, ఫ్లెక్సీ చూపించి.

రామలింగం ఫ్లెక్సీ చూశాడు. అలవాటు కొద్దీ మొదట తన పేరు చదువుకున్నాడు. తరవాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన పేరు కిందికి చదివాడు. "పొట్టి గుర్రాలకు దాణా తీసుకురావలెను" అని ఉంది.

వెంటనే ఫ్లెక్సీ కొట్టుకి ఫోను చేసి చెడామడా తిట్టాడు. గుర్రాలకంటే దాణాయే అనుకున్నానని ఆ కుర్రాడు చెప్పాడు. మీరు నాలుగుసార్లు చూసి ఓకే అన్నారు కదండీ అని కూడా మర్యాదగా గుర్తు చేశాడు. రామలింగం ఫోను పెట్టేశాడు.

జనం ముసిముసి నవ్వులు నవ్వుతున్నారు. అట్ట చెక్కు వేపచెట్టుకి ఆనించి ఉంది, ఖాళీగా. తవుడు బస్తా పక్కన నిలబడి ఫోటో దిగితే పేపర్లో ఏం బాగుంటుంది? రామలింగం మైకు అందుకున్నాడు. ఇది అచ్చుతప్పని ప్రకటించాడు. ఈ బస్తాలన్నీ తన వ్యానులో మార్కెట్టుకి పంపి అమ్మించి, వచ్చే వారం ఇంకా పెద్ద సభ పెట్టి చెక్కు అందజేస్తానన్నాడు. వ్యాను డ్రైవరు బస్తాలు ఎక్కించడం మొదలుపెట్టాడు.

టీచరుగారు పరిగెత్తుకొచ్చింది. గడువు ఇవాళ సాయంత్రమేనని, మేత పోతే గుర్రాలు బట్టీకి పోతాయని చెప్పింది. ఆ గడువు పెట్టిన భీమశంకరం అప్పటికే తోటలో ఉన్నాడు. రెండుసార్లు పులిహోర పెట్టించుకుని, మూడోసారికి ఆకు జరుపుకుంటున్నాడు. అతను చెయ్యి కడుక్కుని వచ్చి, రామలింగాన్ని పక్కకి తీసుకెళ్ళి, మెల్లిగా ఒక మాట వేశాడు.

"దాణా అమ్ముకోండి. గుర్రాల్ని నాకు వదిలెయ్యండి. నా ఐదు బళ్ళకీ రెండు వైపులా మీ పేరు రాయిస్తానండీ. రోజూ ఊరంతా తిరుగుతాయి."

అమ్మ భీమశంకరమా! ఎక్కడ గీరితే పాలొస్తాయో తెలిసినవాడు. రామలింగానికి ఆశ పుట్టింది. బెంచీ కదలదు, ట్యూబులైటు కదలదు. బండి కదులుతుంది. తన పేరు మెయిన్ రోడ్డు మీద, స్టేషను దగ్గర, పెద్దాపురం గేటు దాకా ఊరేగుతున్నట్టు కళ్ళకి కట్టింది. టీచరుగారి మొహం కూడా కనబడుతూనే ఉంది. అటు చూడకుండా తల తిప్పుకుని, సరేననడానికి నోరు తెరిచాడు.

అప్పుడు తోటంతా ఒక్కసారి గొల్లున నవ్వింది.

పొద్దుటినుంచీ పస్తున్న అల్లుడు ఫోటో కోసం గరిక చట్రం ముందు నిలబడి నిలబడి విసిగిపోయింది. అలగడం ఎలాగూ వచ్చు కదా, అందరికీ వీపు పెట్టి చట్రం వైపు తిరిగింది. తిరిగేసరికి మూతి ముందు లేత గరిక. చివరి అక్షరం "గం" కరకరా నమిలేసింది. తరవాత "లిం" అందుకుంది. బడి పిల్లలు మిగిలింది మిగిలినట్టు గట్టిగా చదువుతున్నారు. "తటవర్తి రామ" అన్నారు. పెద్దవాళ్ళు కూడా రామ రామ అనుకుని కడుపులు పట్టుకున్నారు.

రామలింగం కండువా జారిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తాడు. పగ్గం పట్టుకుని లాగాడు. అల్లుడు నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టింది. మెడ కూడా తిప్పలేదు.

"నా పేరండీ అది. నా పేరు తినేస్తోందండీ" అన్నాడు టీచరుగారితో, ఏడుపుగొంతుతో.

"దానికి చదువు రాదండీ, రామలింగంగారూ. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. దానికది గరిక" అంది టీచరుగారు.

ఆవిడ కోప్పడలేదు. ఉన్నమాట చెప్పింది. రామలింగం పగ్గం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. లాగుడులో జరీ గుడ్డ ఒక పక్కకి జారింది. దాని కింద అల్లుడి డొక్కలు కనబడ్డాయి. ఎముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. గుడ్డ మీది పేరు ఆ ఎముకల మీద ఎక్కి దిగుతోంది. తను పొద్దున్నే పెసరట్లు తిని, అల్లం పచ్చడి చాలలేదని మాణిక్యాంబ మీద విసుక్కున్న సంగతి అతనికి గుర్తొచ్చింది. ఒళ్ళంతా సిగ్గుతో కుంచించుకుపోయింది. జనం నవ్వినందుకు కాదు. వాళ్ళ నవ్వు అప్పటికే అతనికి వినబడ్డం లేదు.

పగ్గం వదిలేశాడు. చట్రం దగ్గరికి వెళ్ళి "మ" అనే అక్షరాన్ని తన చేత్తోనే ఊడదీసి, అల్లుడి మూతి దగ్గర పెట్టాడు. అల్లుడు తినలేదు. ఎందుకు తింటుంది, పగ్గం పట్టి లాగినవాడు కదా. రామలింగం చుట్టూ చూశాడు. తరవాత పట్టుబట్టలతోనే నేల మీద మోకాళ్ళు ఆనించి, దాని మెడ నిమిరి, గెడ్డం పట్టుకుని, "తిను నాన్నా, తప్పయిపోయింది" అని బతిమాలాడు. అల్లుడు కాసేపు బెట్టు చేసి, అప్పుడు అందుకుంది.

మాణిక్యాంబ మిగతా నాలుగు గుర్రాల్నీ తోలుకొచ్చింది. "రా" రాణి తింది. "తటవర్తి" మొత్తం పకోడీ, చుక్కా, బుల్లెబ్బాయీ పంచుకున్నాయి. చూస్తూండగానే చట్రం మీద వెదురుబద్దలు తప్ప ఏమీ మిగల్లేదు.

రామలింగం లేచి మోకాళ్ళ మట్టి దులుపుకోకుండానే వ్యాను దగ్గరికి వెళ్ళి, బస్తాలు మార్కెట్టుకి కాదు, టీచరుగారి పాకకి తోలమన్నాడు. భీమశంకరం అడ్డం వచ్చి, మరి బళ్ళ మీద పేరో అని గుర్తు చేశాడు.

"మీ బళ్ళకి మీ పేరే రాయించుకోండి. అందులో సుఖం లేదని తరవాత మీకే తెలుస్తుంది" అన్నాడు రామలింగం.

భీమశంకరం బస్తాల వైపు చూశాడు, గడ్డి మోపుల వైపు చూశాడు. ఎండాకాలం దాకా ఏం ఖర్మ, వచ్చే తుఫాను దాకా సరిపోయేటట్టుంది. బట్టీవాడైనా మాట మీద నిలబడే మనిషి. గుర్రాలు టీచరుగారివేనని ఒప్పుకుని, చక్రపొంగలి ఒక గరిటె వేయించుకుని వెళ్ళిపోయాడు. టీచరుగారు అల్లుడి మెడ కావలించుకుని ఏడ్చింది. అల్లుడు మాత్రం ఆవిడ కొంగుకి గరిక ఏమైనా అంటుకుందేమోనని వెతుక్కుంది.

తరవాత ఆ ఫ్లెక్సీలు ఊరికే పోలేదు. రామలింగం దగ్గరుండి వాటిని దాణా బస్తాల మీద వాన పడకుండా కప్పించాడు, పేరున్న వైపు లోపలికి వేసి. అట్ట చెక్కు పాక గోడ కన్నానికి అడ్డం పెట్టారు. ఇంకో వారానికి అతను కొట్లోంచి ఐదు స్టీలు బేసిన్లు తీసి, మిషను దగ్గర కూర్చున్న కుర్రాడికిచ్చాడు. కుర్రాడు అడగకుండానే తటవర్తిలో "త" మొదలుపెట్టబోయాడు. రామలింగం అతని చెయ్యి పట్టుకుని ఆపి, వేరే పేర్లు చెప్పాడు. పకోడి, రాణి, చుక్క, బుల్లెబ్బాయి, అల్లుడు.

ఆ బేసిన్ల మీది పేర్లు చదువుకోవడం ఆ గుర్రాలకి రాదు. అయినా వాటిలో ఏ పూటా ఒక్క ఉలవగింజ కూడా మిగలలేదు. ఊరివాళ్ళు మటుకు రామలింగానికి ఎవరూ రాయించకుండానే ఒక పేరు పెట్టారు. ఇప్పటికీ సామర్లకోటలో స్టీలు కొట్టు రామలింగం అంటే ఎవరని అడుగుతారు. గుర్రాల రామలింగం అంటే చిన్న పిల్లలు కూడా వెంటబెట్టుకుని ఇల్లు చూపిస్తారు.

అందుకే పిల్లలూ, సాయం చేసేవాడు తన పేరు నిండుగా కనబడిందా అని కాదు, ఎదుటి ప్రాణి కడుపు నిండిందా అని చూసుకోవాలి.